అమెరికా టీమ్‌తో స్లాక్: హైదరాబాద్ వైపు నుంచి ఒక సమీక్ష

హైదరాబాద్‌లో ఉండి అమెరికా పశ్చిమ తీరం టీమ్‌తో పనిచేసేవాళ్ళకు పొద్దున్నే స్లాక్ (ఆఫీసు టీమ్‌లు ఛానళ్ళు అనే ఉమ్మడి గదుల్లో మెసేజ్‌లు రాసుకునే యాప్) తెరిస్తే తరచూ కనిపించే దృశ్యం ఇది. రాత్రికి రాత్రే చర్చ జరిగింది, నిర్ణయమూ అయిపోయింది, కింద నలుగురు థమ్సప్ పెట్టేశారు. పిలవని పేరంటానికి వచ్చినట్టు అనిపిస్తుంది. చాలామంది దీనికి తమ ఇంగ్లీషునో బిడియాన్నో తప్పుపట్టుకుంటారు. ఏళ్ల తరబడి రోజూ వాడాక నా అభిప్రాయం వేరు. ఈ పరాయితనం చాలావరకు సెట్టింగుల వల్ల, టీమ్ అలవాట్ల వల్ల వస్తుంది. ఏది ఎక్కడినుంచి వస్తోందో తెలిస్తే సరిచేసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది @హియర్. ఛానల్ మెసేజ్‌లో ఈ మాట రాస్తే ఆ క్షణంలో యాక్టివ్‌గా ఉన్నవాళ్ళకే కబురు వెళ్తుంది. సియాటిల్‌లో మధ్యాహ్నం రెండింటికి ఎవరో "@హియర్, ఈ డిజైన్ మీద అభ్యంతరాలున్నాయా?" అని అడిగితే మనకు వేసవిలో తెల్లవారుజాము రెండున్నర, చలికాలంలో మూడున్నర. నిద్రలో ఉన్నవాళ్ళకు ఆ పిలుపు పొద్దున కూడా చేరదు. మెసేజ్ మాత్రం చదవని వందలో ఒకటిగా పడి ఉంటుంది. @ఛానల్ అయితే అందరికీ వెళ్తుంది. డు నాట్ డిస్టర్బ్ ఉంటే రాత్రి ఫోన్ మోగదు, పొద్దున ఎర్ర అంకె కనిపిస్తుంది. పెయిడ్ ప్లాన్ ఉన్నచోట ఇంకా మంచి దారి, రెండు దేశాల సభ్యులనూ కలిపి ఒక యూజర్ గ్రూప్ చేసి దాన్నే పిలవడం. టీమ్‌లో ఒక్క మార్పే అడిగే అవకాశం ఉంటే నేను ఇదే అడగమంటాను.

థ్రెడ్లు, అంటే ఒక మెసేజ్ కిందే విడిగా నడిచే జవాబుల వరసలు, 2017లో వచ్చాయి. ఛానల్ శుభ్రంగా ఉండటానికి అవి బాగా పనికొస్తాయి, కానీ దూరంగా ఉన్నవాళ్ళకు ఒక గోడ కూడా. అందులో రాసినవాళ్ళకు, పేరు పెట్టి పిలిచినవాళ్ళకు, కావాలని ఫాలో అయినవాళ్ళకే కొత్త జవాబుల సంగతి తెలుస్తుంది. థ్రెడ్ లోపల @హియర్, @ఛానల్ అసలు పనిచేయవు. అందుకే నలభై జవాబుల తర్వాత తేలిన నిర్ణయం ఛానల్ చూసేవాళ్ళకు కనబడదు. విరుగుడు రెండు వైపులా ఉంది. నిర్ణయం రాసేవాళ్ళు జవాబు పెట్టె కింద ఉండే "ఛానల్‌కు కూడా పంపు" గడిలో టిక్ పెట్టాలి. మనం ముఖ్యమైన మెసేజ్ పక్కనున్న మూడు చుక్కల మెనూలోంచి కొత్త జవాబుల నోటిఫికేషన్ ఆన్ చేసుకోవాలి. దానితోపాటు ప్రిఫరెన్సెస్‌లో నోటిఫికేషన్ల కింద కీవర్డ్స్ గడి ఉంటుంది. మీ సర్వీసు పేరు, రిపో (కోడ్ దాచే చోటు) పేరు, మీ పేరును అటువాళ్ళు రాసే రకరకాల స్పెల్లింగులు కామాలతో అక్కడ రాసి పెట్టండి. పది కంటే ఎక్కువ పెడితే మోత భరించలేక మీరే తీసేస్తారు.

థ్రెడ్ అయితే వెతికితే దొరుకుతుంది. డీఎం (డైరెక్ట్ మెసేజ్, ఛానల్ బయట కొద్దిమంది మధ్యే నడిచే సంభాషణ) దొరకదు. అసలు దెబ్బ అక్కడే. ఇద్దరు ముగ్గురు డీఎంలో మాట్లాడుకున్నది మిగతావాళ్ళ సెర్చ్‌కు చిక్కదు, అలాంటి సంభాషణ జరిగిందనే తెలియదు. గ్రూప్ డీఎంలో మొత్తం తొమ్మిది మంది వరకు ఉండొచ్చు. అంటే ఒక చిన్న టీమ్ పని మొత్తం అక్కడే నడిచిపోవచ్చు. దాన్ని ప్రైవేట్ ఛానల్‌గా మార్చే వీలు సెట్టింగుల్లో ఉంది. పాత మెసేజ్‌లు అలాగే ఉంటాయి, తర్వాత చేర్చినవాళ్ళకు అవన్నీ కనిపిస్తాయి. ఇక్కడ మనవైపు సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ టీమ్‌లో తెలుగువాళ్ళం వేరే గ్రూప్ పెట్టుకుని తెలుగులో పని మాట్లాడుకుంటే, పక్క సీట్లో ఉన్న తమిళ సహోద్యోగికి మనం చేస్తున్నదీ అదే. సరదా కబుర్లకు ఆ గ్రూప్ ఉండనివ్వండి, పని మాత్రం ఛానల్‌కు తీసుకురండి.

హడిల్, అంటే స్లాక్‌లోనే అప్పటికప్పుడు మాట్లాడుకునే కాల్, 2021లో వచ్చింది. ఫోన్ చేసినంత తేలిక, కానీ స్లాక్ ఆడియోను రికార్డు చేయదు. హడిల్‌లో టైప్ చేసిన మాటలు మాత్రం థ్రెడ్‌గా మిగులుతాయి. కాబట్టి ముగించేముందు మూడు వాక్యాలు అందులో రాయమని అడగండి: ఏం తేలింది, ఎవరు చేస్తారు, ఎప్పటికి.

ఇక మనం రాసే తీరు. పలకరించి, అవతలివాళ్ళు పలికాక విషయం ఎత్తడం మన మర్యాద. పన్నెండున్నర, పదమూడున్నర గంటల తేడాలో ఆ మర్యాదకు ఒక రోజు ఖర్చవుతుంది. "హాయ్, ఖాళీగా ఉన్నారా?" అని మన పొద్దున పంపితే మన రాత్రి "చెప్పు" అని వస్తుంది. మనం చూసేసరికి మళ్ళీ వాళ్ళు పడుకుంటారు. అందుకే పలకరింపూ విషయమూ ఒకే మెసేజ్‌లో ఉండాలి. మొదటి వాక్యంలో ఏం కావాలో చెప్పండి. తర్వాత ఏమేం చేసి చూశారో, ఎర్రర్ పూర్తి పాఠం కోడ్ బ్లాక్‌లో, సంబంధిత పాత మెసేజ్ లింకు, రెండు ఊళ్ళ టైముల్లో గడువు. చివర "మీ జవాబు అందేలోపు ఫలానా పద్ధతిలో పని మొదలుపెడుతున్నాను, వద్దనుకుంటే చెప్పండి" అని రాయండి. ఈ చివరి వాక్యం బలం చాలామందికి తెలియదు. జవాబు కోసం కాచుకునే మనిషి స్థానంలోంచి నిర్ణయం తీసుకునే మనిషి స్థానంలోకి అది మిమ్మల్ని మారుస్తుంది. వాళ్ళ పొద్దున్నే పైన కనబడాలంటే పంపే బటన్ పక్కనున్న బాణం నొక్కి టైము పెట్టి పంపండి. 120 రోజుల ముందువరకు పెట్టుకోవచ్చు.

పేరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. హెచ్ఆర్ రికార్డులో అదే ఫస్ట్ నేమ్‌గా పడితే అటువాళ్ళు ఏళ్ల తరబడి ఇంటిపేరుతోనే పిలుస్తారు. ప్రొఫైల్‌లో డిస్‌ప్లే నేమ్ వేరే గడి, పిలిచే పేరు అక్కడ రాయండి. ఉచ్చారణ రాసే గడి, గొంతు రికార్డు చేసే బటన్ కూడా ఉన్నాయి. కంపెనీ లాగిన్ వ్యవస్థతో పేర్లు ముడిపెట్టి ఉంటే ఆ గడి తాళం వేసి ఉంటుంది, అడ్మిన్‌ను అడగాలి.

ఇవేవీ తీర్చలేనిది గెస్ట్ ఖాతా. కాంట్రాక్టు మీద పనిచేసే చాలామందికి ఇచ్చేది ఇదే. గెస్ట్ పబ్లిక్ ఛానళ్ళ జాబితా కూడా చూడలేరు, సెర్చ్ తమను చేర్చిన ఛానళ్ళకే పరిమితం, పేరు పక్కన వేరుగా గుర్తు కనిపిస్తుంది. ఇందులో రెండు రకాలు. ఒకే ఛానల్ గెస్ట్‌కు కంపెనీకి అదనపు ఖర్చు లేదు, డబ్బు కట్టే ఒక్కో సభ్యునికి ఐదుగురి వరకు చేర్చుకోవచ్చు. పలు ఛానళ్ళ గెస్ట్‌కు మాత్రం మామూలు సభ్యునికి కట్టినంతే కట్టాలి. మీరు రెండో రకమైతే ఇంకో ఛానల్‌లో చేర్చడానికి కంపెనీకి పైసా అదనంగా పడదు. మీ పనికి కావలసిన ఛానళ్ళ పేర్లు, ఏది ఎందుకో పక్కనే ఒక్క ముక్క రాసి మేనేజర్‌కు పంపండి.