జీలకర్ర బెల్లం కంటే ముందే తాళి: ఎగ్జిఫ్‌టూల్ వాడాక

మా పిన్ని కూతురి పెళ్లి విశాఖలోని గాజువాకలో జరిగింది. ఫోటోలు నేనూ మా బావమరిదీ తీశాం. రెండు కెమెరాలు, నాలుగు కార్డులు, మొత్తం కలిపి 1,800 దాకా రా ఫైళ్లు (కెమెరా సెన్సర్ నుంచి వచ్చిన అసలు ఫోటో ఫైళ్లు). ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చి అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసి టైం ప్రకారం పేర్చి చూస్తే, తాళి కట్టడం ముందు వచ్చింది, జీలకర్ర బెల్లం తర్వాత వచ్చింది, ఆ మధ్యలో తలంబ్రాలు అక్కడక్కడా చెదిరిపోయి ఉన్నాయి. పెళ్లి చూసినవాళ్లెవరికైనా ఆ ఆల్బమ్ చూపిస్తే ఇదేం పెళ్లి అంటారు. చేత్తో సర్దడం మొదలుపెట్టి రాత్రి రెండింటికి వదిలేశాను. అప్పుడు పట్టుకున్నదే ఈ ఎగ్జిఫ్‌టూల్, ఫోటో ఫైళ్లలో ఉండే తేదీ, టైం లాంటి వివరాలు చదివి మార్చే ప్రోగ్రామ్. ఎనిమిది నెలలుగా వాడుతున్నాను, ఇంట్లో కంప్యూటర్ మీద ఫోటోలు సర్దుకునే ప్రతి ఒక్కరికీ దీని గురించి చెప్పాలనిపించింది.

ముందు సమస్య ఎక్కడుందో చెప్తాను. మనం షట్టర్ నొక్కిన ప్రతిసారీ కెమెరా ఆ ఫోటో ఫైల్‌లోనే తేదీ, టైం, లెన్స్, ఐఎస్ఓ లాంటివన్నీ రాసిపెడుతుంది. దాన్నే ఎగ్జిఫ్ అంటారు. ఆ టైం కెమెరాలో ఉన్న గడియారం నుంచి వస్తుంది కాబట్టి గడియారం తప్పైతే ఫోటో కూడా తప్పు టైం చెప్తుంది. బావమరిదిని అడిగితే "బావా, కెమెరా కొన్నప్పుడు టైం పెట్టాను, మళ్లీ ముట్టుకోలేదు" అన్నాడు. ఎంత తేడా ఉందో ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో సెకన్లతో సహా గడియారం తెరిచి, రెండు కెమెరాలతోనూ దాన్ని ఫోటో తీశాం. నా కెమెరా సరిగ్గా ఉంది, తనది 17 నిమిషాల 20 సెకన్లు వెనక ఉంది. పెళ్లి అయిపోయాక తీసినా ఇది పనికొస్తుంది, మధ్యలో ఎవరూ ఆ గడియారాన్ని మార్చకపోతే చాలు.

ఇప్పుడు ఎగ్జిఫ్‌టూల్ సంగతి. ఇది ఉచితం. ఫిల్ హార్వే అనే ఆయన 2003లో మొదలుపెట్టారు, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి, దాదాపు అన్ని కంపెనీల రా ఫైళ్లనూ చదువుతుంది. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు గానీ విండోస్‌లో పెర్ల్ విడిగా వేసుకోనక్కర్లేదు. జిప్ దింపుకుని విప్పితే లోపల ఉన్న ఫైల్ పేరు చివర బ్రాకెట్లలో మైనస్ కె అని ఉంటుంది, దాన్ని తీసేసి ఉత్త ఎగ్జిఫ్‌టూల్ అని పేరు మార్చుకోవాలి. పక్కనే ఎగ్జిఫ్‌టూల్ ఫైల్స్ అని ఒక ఫోల్డర్ కూడా వస్తుంది, దాన్ని కూడా వెంటే పెట్టాలి, ఒక్క ఫైల్‌నే తీసి వేరేచోట పెడితే పని చేయదు. నేను మొదటి రోజు అలాగే పెట్టి అరగంట తల పట్టుకున్నాను.

బటన్లు ఉండవు. నల్ల విండో తెరుచుకుంటుంది, అందులో కమాండ్ టైపు చేయాలి. ఇది చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు, వాళ్లను తప్పు పట్టను. కానీ ఒకసారి సరిగ్గా రాసిన కమాండ్‌ని నోట్‌ప్యాడ్‌లో బ్యాట్ ఫైల్‌గా (రాసిన కమాండ్లను వరసగా నడిపే ఫైల్) దాచుకుంటే ఆ తర్వాత డబుల్ క్లిక్ చేయడమే.

బావమరిది కార్డుల ఫోటోలు మాత్రం వేరే ఫోల్డర్‌లో పెట్టి, తేదీలన్నిటికీ సున్నా గంటలు, 17 నిమిషాలు, 20 సెకన్లు కలపమని చెప్పాను. ఇక్కడ జాగ్రత్త, ఆ సున్నా పెట్టకుండా ఉత్త 17 అని రాస్తే దాన్ని 17 గంటలుగా తీసుకుంటుంది. కొన్ని నిమిషాల్లో 900 ఫైళ్లు సరిపోయాయి. సరిపోయాయో లేదో అన్న అనుమానంతో మళ్లీ ఒకసారి నొక్కాను. అంటే ఇంకో 17 నిమిషాలు కలిసిపోయింది. చూసుకునేసరికి అప్పగింతలు జరగాల్సిన దానికంటే ఇంకా ఆలస్యమయ్యాయి, గుండె జారిపోయింది. అయితే ఈ టూల్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇక్కడే బయటపడింది. ఫైల్ లోపల ఏది మార్చినా ముందు అసలు ఫైల్‌ని ఒరిజినల్ అనే తోక తగిలించి పక్కన దాచుతుంది. రెండోసారి మార్చినప్పుడు ఆ దాచిన కాపీని ముట్టుకోదు. కాబట్టి రిస్టోర్ ఒరిజినల్ అని ఒక్క మాట చెప్తే అన్నీ కెమెరా రాసిన మొదటి టైంకి వెనక్కి వచ్చాయి, మళ్లీ ఒక్కసారే కలిపాను. తాళి తన చోటికి వచ్చింది. దీనికి ఖర్చు డిస్క్ మీద పడుతుంది, ఒక్కో రా ఫైల్ 25 ఎంబీ అనుకుంటే 900 ఫైళ్లకి 22 జీబీ పైన అదనంగా కావాలి. కాపీలు వద్దని చెప్పే ఆప్షన్ ఉంది, దయచేసి మొదట్లో దాని జోలికి వెళ్లకండి. అన్నీ చూసుకున్నాక ఆ తోక ఫైళ్లను తీసేసుకోవచ్చు.

రెండో పని పేర్లు మార్చడం. కెమెరా ఇచ్చే ఫైల్ పేర్లలో నంబరుకి నాలుగే అంకెలుంటాయి, 9999 అయ్యాక మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. కొండకర్ల ఆవలో పక్షులవి ఒక ఉదయమంతా తీసిన ఫోటోలు నాకు ఇలాగే పోయాయి. అదే పేరుతో పాతవి ఉన్న ఫోల్డర్‌లోకి కొత్తవి కాపీ చేస్తూ రీప్లేస్ అని నొక్కేశాను. ఇప్పుడు కార్డు పెట్టగానే నా బ్యాట్ ఫైల్ ప్రతి ఫోటోకీ సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను పేరుగా పెట్టి, నెలవారీ ఫోల్డర్‌లోకి పంపేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారుజామున పడవల మీద గెద్దలు వాలేటప్పుడు బర్స్ట్ పెడతాం కదా, ఒకే సెకనులో ఆరేడు ఫోటోలు పడతాయి. అన్నిటికీ ఒకే పేరు వస్తే ఎలా అని భయపడ్డాను. వరస నంబరు తగిలించమని ముందే చెప్పి ఉంచితే తగిలిస్తుంది, దేన్నీ చెరిపేయదు. ఇంకా మంచిది టెస్ట్ నేమ్ అనే పద్ధతి. నిజంగా మార్చకుండా ఏ ఫైల్ ఏ పేరుగా మారబోతోందో ముందు చూపిస్తుంది. కొత్త ఫోల్డర్ మీద నడిపే ప్రతిసారీ నేను అది చూశాకే ముందుకెళ్తాను.

ఒక సాయంత్రం మొత్తం తినేసిన విషయం ఒకటి చెప్పాలి. నల్ల విండోలో చక్కగా నడిచిన కమాండే బ్యాట్ ఫైల్‌లో పెడితే పిచ్చి పేర్లు ఇచ్చింది. కారణం చిన్నదే, తేదీ ఫార్మాట్‌లో వాడే పర్సెంట్ గుర్తుని బ్యాట్ ఫైల్‌లో రెండేసి రాయాలి. ఒకటున్న చోట రెండు, రెండున్న చోట నాలుగు. ఇది తెలియక వదిలేసినవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు.

ఫోన్ వీడియోలు కలిపేటప్పుడు ఇంకో తిప్పలుంది. ఎంపీ4 ఫైళ్లలో ఫోన్లు ఎక్కువగా యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం) టైం రాస్తాయి, అంటే మన టైం కంటే ఐదున్నర గంటలు వెనక. పొద్దున 10:40కి తీసిన వీడియో 5:10 అని చూపిస్తుంది, అర్ధరాత్రి దాటాక తీసినదైతే ఏకంగా ముందు రోజు ఫోల్డర్‌లోకి వెళ్లిపోతుంది. క్విక్‌టైం యూటీసీ అనే ఆప్షన్ పెడితే లోకల్ టైం‌లోకి మార్చుకుని చదువుతుంది. చుట్టాలు వాట్సాప్‌లో పంపే ఫోటోలకి మాత్రం ఏ టూలూ ఏమీ చేయలేదు, ఎందుకంటే మామూలుగా పంపితే ఎగ్జిఫ్ అంతా పోతుంది. అందుకే మా అక్కావాళ్లకి "డాక్యుమెంట్‌గా పంపండే" అని ముందే చెప్తున్నాను.

ఆఖరి మెట్టు కాపీ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా హాల్లో కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా కంప్యూటర్ టేబుల్ మీద పడింది. అంతకుముందు ఐదేళ్ల ఫోటోలు ఆ ఒక్క డిస్క్‌లోనే ఉండేవి, మా నాన్న చివరి పుట్టినరోజువి కూడా. అప్పటి నుంచి రెండో కాపీ లేకుండా కార్డు ఖాళీ చేయను. విండోస్‌లోనే ఉండే, ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీని అదే బ్యాట్ ఫైల్ చివర పెట్టాను, ఫోటోలు సర్దుకోగానే బయటి డిస్క్‌కి వెళ్లిపోతాయి, పని లేనప్పుడు ఆ డిస్క్ సీతమ్మధారలో మా అక్క ఇంట్లో ఉంటుంది, నెలకు రెండుసార్లు తెచ్చుకుంటాను. మిర్రర్ ఆప్షన్ మాత్రం వాడొద్దు. ఇక్కడ పొరపాటున చెరిపినది అక్కడ కూడా చెరిపేస్తుంది.

వీటన్నిటికీ ఇంతకుముందు ఒక పెళ్లికి రెండు రాత్రులు పట్టేది. ఇప్పుడు కార్డు పెట్టి, టెస్ట్ చూసి, నొక్కి భోజనానికి వెళ్తాను. మిగిలిన టైం ఏరుకోవడానికి పెడుతున్నాను, ఆ పని మాత్రం మెషిన్‌కి ఇవ్వను. ఈ పెళ్లిలోనే మా తాతమ్మ కళ్లు మూసుకుని, పళ్లులేని నోరంతా తెరిచి నవ్విన ఫోటో ఒకటుంది, కొంచెం షేక్ కూడా అయింది. కళ్లు మూసుకున్నవి తీసేసే ఏ సాఫ్ట్‌వేర్ అయినా దాన్ని మొదట్లోనే పక్కన పడేస్తుంది. పిన్ని ఆల్బమ్‌లో రెండు పేజీలకు పెద్దదిగా వేయించుకుంది దాన్నే.

కమాండ్ టైపు చేయడం అసలు ఇష్టం లేనివాళ్లు డిజీక్యామ్ చూడండి, అదీ ఉచితమే, టైం సరిచేయడం, పేర్లు మార్చడం రెండూ మౌస్‌తో అయిపోతాయి. కానీ నెలకు రెండు మూడు కార్యక్రమాలు తీసేవాళ్లకి, రెండు కెమెరాలు వాడేవాళ్లకి ఎగ్జిఫ్‌టూల్‌కి సాటి నాకు కనిపించలేదు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానంటే, దాని వివరాలు ఇంగ్లీషులోనే, అదీ చాలా పొడుగ్గా ఉంటాయి, కొత్తవాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాదు.

వచ్చే నెల భీమిలిలో మా బావమరిది స్నేహితుడి పెళ్లి ఉంది. ముందు రోజు రాత్రే రెండు కెమెరాల టైం కలుపుకుంటాం, అయినా మండపం‌లోకి అడుగుపెట్టగానే ఇద్దరం ముందు ఫోన్ గడియారాన్నే ఫోటో తీస్తాం.