పసిపాపకు సుగంధ తైలం: గాలిలోనా, ఒంటిమీదా, అసలు వద్దా?

పసిపాప ఉన్న ఇంట్లో లావెండర్ వంటి ఎసెన్షియల్ ఆయిల్ (మొక్కల నుంచి తీసిన గాఢమైన సుగంధ తైలం) వాడదలచుకున్నవారికి మూడు దారులు కనిపిస్తాయి. డిఫ్యూజర్‌తో గదిలోని గాలిలోకి వదలడం ఒకటి, మామూలు నూనెలో కొద్దిగా కలిపి ఒంటికి రాయడం రెండోది, సుగంధ తైలం జోలికే పోకుండా వాసన లేని నూనెతో మర్దన చేసి ఊరుకోవడం మూడోది. మూడు నెలలు నిండని పిల్లల విషయంలో ఈ పోలికే అనవసరం, వారికి మూడో దారి ఒక్కటే ఉంది. నెలలు నిండకముందే పుట్టిన పిల్లలకైతే మామూలు నూనె రాయాలన్నా డాక్టరును అడగవలసిందే. ఎంపిక అనే మాట ఆ తర్వాతి వయసులోనే వస్తుంది.

ఒంటికి తగలదు కాబట్టి డిఫ్యూజరే క్షేమమని చాలామంది అనుకుంటారు. ఆ ధీమాకు నాకు ఆధారం కనిపించదు. పరికరంలోని చిన్న పలక వేగంగా కంపించి నీటినీ నూనెనూ కలిపి సన్నని తుంపరగా గాలిలోకి వదులుతుంది. అందులో పాప ఊపిరితిత్తుల్లోకి ఎంత చేరుతుందన్నది గది వైశాల్యాన్ని బట్టి, కిటికీలను బట్టి, పరికరం ఎంతసేపు నడిచిందన్నదాన్ని బట్టి మారిపోతుంది. పెద్దలు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి పీలుస్తే, పుట్టిన కొత్తలో పిల్లలు 30 నుంచి 60 సార్లు పీలుస్తారు. వాసన ఘాటుగా ఉందని చెప్పలేరు, లేచి పక్క గదిలోకి పోలేరు. అయితే ఈ పద్ధతిలో ఒక మంచి ఉంది: తేడా కనిపించిన క్షణంలో పరికరం ఆపి, పాపను బయటికి తీసుకుపోయి, కిటికీలు తెరవవచ్చు. వాసన మీద మమకారం పెద్దలదే కాబట్టి, పాప లేని గదిలో తలుపు తీసి ఉంచి కాసేపు వాడుకుని, గాలి మారాకే బిడ్డను తీసుకురావడం సబబు. ఉయ్యాల పక్కన రాత్రంతా నడపడాన్ని మాత్రం ఏ విధంగానూ సమర్థించలేము.

ఒంటికి రాసే పద్ధతిలో కొలత మన చేతిలో ఉంటుంది. మూడు నెలల నుంచి రెండేళ్ల వరకు సాధారణంగా చెప్పే గరిష్ఠ మోతాదు 0.25 నుంచి 0.5 శాతం. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలని లెక్కవేస్తే, 20 మిల్లీలీటర్ల మామూలు నూనెలో ఒక్క చుక్క కలిపితే 0.25 శాతం, 10 మిల్లీలీటర్లలో కలిపితే 0.5 శాతం అవుతుంది. అయితే సీసా మూతి వెడల్పును బట్టి, నూనె చిక్కదనాన్ని బట్టి చుక్క పరిమాణం మారుతుంది. ఇంత చిన్న మోతాదులో ఒక్క చుక్క ఎక్కువ పడినా గాఢత రెట్టింపవుతుంది. పసిపిల్లలకు బరువుతో పోలిస్తే చర్మ వైశాల్యం ఎక్కువ, చర్మం పలుచన, కాలేయం ఇంకా పూర్తిగా పరిణతి చెందదు, కాబట్టి పెద్దలకు చెల్లిన పొరపాటు వారికి చెల్లదు. పాదాలకు రాశాం కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు, ఆ పాదం కాసేపటికి నోట్లోకి వెళ్తుంది, చేతికి అంటినది కంట్లోకి చేరుతుంది. స్నానపు నీళ్లలో నేరుగా చుక్కలు వేయడం ఇంకా చెడ్డది: నూనె నీటిలో కలవదు, పైన తేలి పలుచబడకుండానే చర్మానికి అంటుకుంటుంది.

పై రెండు దారుల్లో దేనిలోనూ చోటివ్వకూడని తైలాలు కొన్ని ఉన్నాయి. జలుబు చేసినప్పుడు ముందుగా గుర్తొచ్చే నీలగిరి తైలం, పిప్పరమెంట్ తైలం పసిపిల్లల ముఖం దగ్గర వాడితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆడకపోయే ప్రమాదముంది. కర్పూరం కలిసిన నూనె కొద్దిగా మింగినా మూర్ఛ రావచ్చు. 20 శాతం కర్పూర తైలం ఒక టీస్పూనులో దాదాపు ఒక గ్రాము కర్పూరం ఉంటుంది, ఆ మాత్రమే పసిబిడ్డ ప్రాణం తీయగలదు. వింటర్‌గ్రీన్ తైలంలో దాదాపు అంతా మిథైల్ శాలిసిలేటే, అది ఆస్పిరిన్ కోవకు చెందిన, పసిపిల్లలకు ప్రమాదకరమైన పదార్థం. సీసామీద ‘సహజం’ అని రాసినంత మాత్రాన ఈ లెక్కలు మారవు. జలుబుకు ముక్కులో వేసే సెలైన్ చుక్కలు వీటన్నిటికంటే మేలు.

ఇక వాసన లేని నూనె. మర్దనతో పాప హాయిగా నిద్రపోతే ఆ ఘనత ఎక్కువగా చేతి స్పర్శకూ రోజూ అదే వేళకు జరిగే అలవాటుకూ దక్కాలి, పరిమళం వాటా ఉన్నా స్వల్పమే. నేనైతే నిస్సంకోచంగా దీనికే ఓటు వేస్తాను. నూనెల్లోనూ తేడా ఉంది: ఓలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే ఆలివ్ నూనె చర్మపు రక్షణ పొరను బలహీనపరచవచ్చు కాబట్టి, లినోలియిక్ ఆమ్లం ఎక్కువగా ఉండే పొద్దుతిరుగుడు నూనె వైపు మొగ్గడం మంచిది. తామర (ఎగ్జిమా) ఉన్న చర్మానికి ఏ నూనె రాయాలన్నా డాక్టరు మాట వినాలి.

ఇంట్లో సుగంధ తైలం సీసా ఉంటే దానికి పిల్లలు తీయలేని మూత ఉండాలి, అది వారికి అందని అరలో ఉండాలి. పాప మింగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించకూడదు, ఎందుకంటే నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా రావచ్చు. వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి, ఏ తైలమో వైద్యులకు తెలిసేలా ఆ సీసాను కూడా వెంట తీసుకుపోవాలి.