రెండో బ్యాచ్ నింపడానికి వాట్సాప్ బిజినెస్ యాప్ సరిపోతుందా?

ఆన్‌లైన్ కోర్సు పెడితే మొదటి బ్యాచ్ తెలిసినవాళ్లతోనే నిండిపోతుంది. చుట్టాలు, స్నేహితుల స్నేహితులు, యూట్యూబ్‌లో ఎప్పటినుంచో చూస్తున్నవాళ్లు చేరిపోతారు. చిక్కంతా రెండో బ్యాచ్‌తోనే. మగ్గం వర్క్ అయినా, బ్లౌజ్ కటింగ్ అయినా, ట్యాలీ అయినా తెలుగులో కోర్సు నడిపే చిన్నవాళ్లు చాలామంది ఆ భారమంతా వాట్సాప్ బిజినెస్ యాప్ మీదే వేస్తారు. చిన్న వ్యాపారాల కోసం వాట్సాప్ విడిగా చేసిన యాప్ ఇది. 2018లో వచ్చింది, పైసా ఖర్చు లేదు, అందరి ఫోన్లోనూ వాట్సాప్ ఉంది. అడిగినవాళ్లతో ఒక్కొక్కరిగా మాట్లాడటానికి యాప్ భేషుగ్గా పనిచేస్తుంది. అందరికీ ఒకేసారి కబురు పెట్టాలంటే మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

ఇందులో అన్నిటికన్నా విలువైనవి లేబుల్స్, అంటే ఒక్కో చాట్‌కి తగిలించే గుర్తులు. 20 దాకా పెట్టుకోవచ్చు. యాప్‌తో వచ్చే ‘కొత్త కస్టమర్’, ‘పేమెంట్ పెండింగ్’ లాంటివి దుకాణానికి సరిపోతాయి కానీ కోర్సుకి చాలవు. ఫీజు అడిగారు, డెమో చూశారు, కట్టారు, పూర్తిచేశారు, మధ్యలో ఆపారు, తర్వాత బ్యాచ్ అని ఆరు పెట్టుకోండి. ‘ఇప్పుడు పాపకి పరీక్షలండీ, వచ్చేసారి చేరతాను’ అన్న మనిషికి ‘తర్వాత బ్యాచ్’ లేబుల్ అప్పటికప్పుడే తగిలించాలి. సాయంత్రం చూద్దాంలే అనుకుంటే ఆ చాట్ అడుక్కి పోతుంది, మళ్లీ దొరకదు. ఇక ‘మధ్యలో ఆపారు’ జాబితాకి కొత్త బ్యాచ్ పోస్టర్ పంపితే ఒళ్లు మండుతుంది. వాళ్లని ఏ పాఠం దగ్గర ఆగిపోయారో అడగండి. పదిమందిలో ఆరుగురు చంక రౌండ్ దగ్గరే ఆగారని తేలితే, రెండో బ్యాచ్‌కి ముందు తిరిగి తీయాల్సిన వీడియో ఏదో తెలిసిపోయినట్టే.

క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసిపెట్టుకునే జవాబులు, 50 దాచుకోవచ్చు. స్లాష్ కొట్టి షార్ట్‌కట్ టైప్ చేస్తే మొత్తం మెసేజ్ వచ్చేస్తుంది. చాలామంది ఇందులో ఫీజు, యూపీఐ ఐడీ పెట్టేసి ఊరుకుంటారు, అవతలివాళ్లు ‘ఓకే అండీ’ అని వెళ్లిపోతారు. ఇలా రాసి చూడండి: ‘ఫీజు 1,999 అండీ. మొత్తం 24 పాఠాలు, ఏడాది పాటు చూసుకోవచ్చు. ఆదివారం సాయంత్రం లైవ్‌లో డౌట్లు చెబుతాం. మీరు ఇంతకు ముందు మిషన్ కుట్టారా, ఇదే మొదటిసారా?’ చివర ప్రశ్న ఉంటే వాళ్లు జవాబు ఇస్తారు, ఆ జవాబుని బట్టి ఏ డెమో పంపాలో మీకు తెలుస్తుంది.

యాప్ తనంతట తనే పంపే స్వాగతం, అంటే గ్రీటింగ్ మెసేజ్‌తో ఒక తంటా ఉంది. కొత్తగా రాసినవాళ్లకే కాదు, 14 రోజులు మాటల్లేకుండా ఉండి మళ్లీ రాసినవాళ్లకీ అది వెళ్తుంది. పాత విద్యార్థి నెల తర్వాత నెక్ కటింగ్ ఫోటో పెట్టి ఎక్కడ తప్పు పోయిందని అడిగితే, ‘మా అకాడమీకి స్వాగతం’ అని జవాబు పోతుంది. డబ్బు కట్టిన మనిషికి అదెలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. సెట్టింగ్స్‌లో గ్రహీతల దగ్గర అడ్రస్ బుక్‌లో లేనివాళ్లకు మాత్రమే అన్నది ఎంచుకుని, విద్యార్థుల నంబర్లన్నీ ఫోన్లో సేవ్ చేసుకోండి.

ఇప్పుడు బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్‌ని లిస్టులో అందరికీ విడివిడిగా పంపడం. ఒక్కో లిస్టుకి 256 మందే. 600 మంది ఉంటే మూడు లిస్టులు చేసుకోవచ్చు, అది పెద్ద ఇబ్బంది కాదు. ఇబ్బందల్లా, మీ నంబర్ సేవ్ చేసుకోనివాళ్లకి బ్రాడ్‌కాస్ట్ అసలు చేరదు. ఒకసారి ఫీజు అడిగి పోయినవాళ్లు మీ నంబర్ ఎందుకు సేవ్ చేసుకుంటారు? రెండో బ్యాచ్ ఎవరితో నిండాలో వాళ్లకే కబురు అందదన్నమాట. పంపిన మెసేజ్ మీద నొక్కి పట్టి ఇన్ఫో చూడండి, ఎంతమందికి చేరిందో తేలిపోతుంది. సేవ్ చేయించాలంటే వాళ్లకి ఒక అవసరం కల్పించాలి. డెమో లింక్ వెంటనే ఇవ్వకుండా, ‘ఈ నంబర్ సేవ్ చేసుకోండి, శుక్రవారం డెమో లింక్ బ్రాడ్‌కాస్ట్‌లో వస్తుంది’ అని చెబితే కొంతమంది చేస్తారు.

గ్రూపు పెట్టేద్దాం, 1024 మంది పడతారు కదా అంటారు. అమ్మకానికి గ్రూపు వద్దు. సభ్యుల నంబర్లు అందరికీ కనిపిస్తాయి, పోటీ కోర్సువాళ్లు నెమ్మదిగా చేరి ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్‌లు పెడతారు. పైగా ఫీజు కట్టే చివరి రోజున ఒక్కరు ‘నాకు వీడియో ఓపెన్ అవట్లేదు’ అన్నారంటే మిగతావాళ్లు వెనకాడతారు. వాట్సాప్‌లోనే కమ్యూనిటీ (కొన్ని గ్రూపులని ఒకచోట కలిపేది) పెట్టి, దాని అనౌన్స్‌మెంట్ గ్రూపులోకి లింక్‌తో చేర్చుకోండి. అక్కడ కొత్త మెసేజ్ అడ్మిన్లు మాత్రమే పెట్టగలరు, సభ్యులకి ఒకరి నంబర్ ఒకరికి కనిపించదు, సేవ్ చేసుకున్నారా లేదా అన్న గొడవా ఉండదు. డౌట్ల గ్రూపు కట్టినవాళ్లకే విడిగా ఉండాలి.

జాబితా వేలల్లోకి పోయాక బిజినెస్ ఏపీఐ, అంటే వేరే సాఫ్ట్‌వేర్ ద్వారా వాట్సాప్ మెసేజ్‌లు పంపే ఏర్పాటు, చూసుకోవాలి. నంబర్ సేవ్ చేసుకోకపోయినా మెసేజ్ వెళ్తుంది, కాకపోతే మీరుగా మొదలుపెట్టే ప్రతిదానికీ వాట్సాప్ దగ్గర ముందే ఆమోదం పొందిన టెంప్లేట్ (మెసేజ్ నమూనా) కావాలి. అవతలివాళ్లు రాసిన 24 గంటల లోపయితే మామూలుగా జవాబివ్వచ్చు. 2025 జులై నుంచి ఒక్కో టెంప్లేట్ మెసేజ్ లెక్కన ఛార్జీ పడుతోంది, ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంపెనీ నెలవారీ ఫీజు దానికి అదనం. మూడు వందల మంది కోసం ఇదంతా దండగ.

ఫీజు విషయంలో జాగ్రత్త మీరే పడాలి. స్క్రీన్‌షాట్ చూసి డౌట్ల గ్రూపులో కలపకండి, దొంగ స్క్రీన్‌షాట్ తయారు చేయడం చిటికెలో పని. 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్ అడిగి బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూసుకోండి. రోజుకి ఇరవై చెల్లింపులు దాటాయంటే పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో ఫీజు వసూలు చేసిపెట్టే సేవ) లింక్ పెట్టుకోవడం మేలు. సుమారు 2 శాతం, దాని మీద జీఎస్టీ పోతాయి కానీ లెక్క తనంతట తనే రాసుకుంటుంది. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే కోర్సు ఫీజు మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, కాబట్టి 1,999లో అది కలిసి ఉందో లేదో ఇప్పుడే తేల్చుకోండి.

యాప్‌కి వేరే సిమ్ తీసుకోండి, కానీ రీచార్జ్ మరవద్దు. వాడని నంబర్‌ని కంపెనీ మరొకరికి ఇచ్చేస్తే అకౌంట్ కూడా చేజారిపోతుంది. 6 అంకెల టూ స్టెప్ పిన్ తప్పనిసరి. ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోంచే పోతుంది, డౌట్ల ఫోటోలతో అది ఇట్టే నిండుతుంది. లేబుల్స్‌తో సహా జాబితాని ఎక్సెల్‌లోకి దించుకునే బటన్ కూడా యాప్‌లో లేదు. పేరు, నంబర్, ఈమెయిల్, ఏ లేబుల్, ఏ తేదీన అడిగారు అని అయిదు కాలమ్స్‌తో గూగుల్ షీట్ తెరిచి, రోజూ రాత్రి పది నిమిషాలు కూర్చుని చేత్తో ఎక్కించుకోవాల్సిందే.