పెరటికి మట్టి తోలించుకునేవాళ్లు తుంగ కలుపు లేదని చూసుకుని దింపించుకోండి

శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకున్నవాళ్లకి చెరువు మట్టి తోలే ట్రాక్టర్లు తెలిసే ఉంటాయి. పెరట్లో వంగ, మిరప, బీర వేద్దామని రెండు ట్రాక్టర్లు తోలించాను, 3,600 ముందే ఇచ్చేశాను. దింపకముందే మా అమ్మ ఒక పెళ్ల పట్టుకుని "ఇందులో తుంగ లేదు కదా బాబూ" అని అడిగింది. ట్రాక్టరతను ఆ పెళ్ల చేత్తో నలిపి చూపించి "గడ్డి వేరే లేదమ్మా, చూడు" అన్నాడు. నమ్మాం.

పదిహేను రోజులకి మడంతా పచ్చగా లేచింది. గరికేమో అనుకున్నాను, కానీ గరిక కాడకి కణుపులుంటాయి, దీనికి లేవు. కాడ వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలు తగిలాయి. తవ్వితే సన్నటి వేళ్లకి దండలా నల్లటి గడ్డలు, విరిస్తే లోపల తెలుపు, ఘాటు వాసన. ఆయుర్వేద మందుల కొట్లో అమ్మే తుంగముస్తలు ఇవే. చాపలల్లే పొడుగు తుంగ వేరు, అది నీటి పట్టున పెరుగుతుంది. ఇది మళ్లలో, గట్ల మీద, చెరకు తోటల్లో, పెరట్లో ఎక్కడైనా బతికేస్తుంది.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "మట్టన్నారు, మట్టేసినాం. తుంగొచ్చిందంటే నేలకి బలముందన్నమాటే, పీక్కోండి. ఇంకేటి?" అని పెట్టేశాడు. మా అమ్మ ముందే అడిగింది కదా అని చెప్పే లోపే! డబ్బు పోయినందుకు కాదు, అరవై ఏళ్ల మనిషి కళ్లలోకి చూసి అబద్ధం చెప్పాడే, అది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

పీకితే కాడ తెగి పైకొస్తుంది, గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలకేస్తుంది. నేను చేసిన తప్పు ఇంకోటి, కోపంలో గునపంతో మడంతా తిరగేశాను. దండ తెగి విడిపోయిన ప్రతి గడ్డా మొలిచి ఇప్పుడు మొదటికంటే ఒత్తుగా ఉంది. ప్లాస్టిక్ షీటు పరిస్తే దాన్నీ పొడుచుకొచ్చింది. గడ్డి మందు కొడదామంటే వంగ నారు కూడా పోతుంది.

మీరైతే ట్రాక్టరు ఎత్తకముందే కుప్ప మధ్య నుంచి ఒక బకెట్ మట్టి తీసి జల్లెడలో కడిగి చూడండి, గడ్డలుంటే కనబడిపోతాయి. డబ్బులు మాత్రం చూశాకే ఇవ్వండి.