మిల్లు జనరేటర్‌కు ఏ గవర్నర్: మెకానికలా, ఎలక్ట్రానికా?

మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే మా బావగారు అడిగిన ప్రశ్న ఇది. గవర్నర్ అంటే డీజిల్‌ను పెంచుతూ తగ్గిస్తూ ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే పరికరం.

ఖర్చు: మెకానికల్ చవక.

మరమ్మతు: మెకానికల్‌ను ఊళ్లోనే విప్పి బిగిస్తారు. ఎలక్ట్రానిక్ కార్డు కాలితే కొత్తది కొనాల్సిందే.

వేగం: మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ రావాలంటే, కరెంటు పుట్టించే నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) ఆల్టర్నేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. లోడు పెరిగితే మెకానికల్‌తో వేగం కాస్త తగ్గి అక్కడే నిలుస్తుంది. ఎలక్ట్రానిక్ మళ్లీ 1500కు తెస్తుంది.

ప్రమాదం: అసలు విషయం ఇదే. పాలిషర్ల లోడు ఒక్కసారిగా పోతే ఇంజన్ పరుగందుకుంటుంది. మెకానికల్‌లో తిరిగే గుండ్లు విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి. తవుడు దుమ్ము, పాత గ్రీజు కలిసి గట్టిపడి, గుండ్ల కదలికను డీజిల్ పంపుకు చేర్చే లింకేజీ పట్టేస్తే తగ్గించేదెవరు? ఎలక్ట్రానిక్‌లో సెన్సర్ ఫ్లైవీల్ పళ్లను లెక్కిస్తుంది. సిగ్నల్ ఆగితే కంట్రోలర్ డీజిల్ మూసేస్తుంది. అయితే సెన్సర్ మొనకు అంటిన ఇనుప రజను తుడుస్తూ ఉండాలి.

మిల్లులో ఇంజన్ ఆగితే పని ఆగుతుందంతే; విమానపు జెట్ ఇంజన్‌లో అలా కాదు, గాలిలో ఆగిపోవడమూ ప్రమాదమే. అందుకే థ్రస్టును (విమానాన్ని ముందుకు నెట్టే బలాన్ని) చూసే కంట్రోలర్‌కు రెండు చానళ్లు: ఒకటి చెడితే రెండోది అందుకుంటుంది. షాఫ్టు వేగం హద్దు దాటితే మాత్రం ఓవర్‌స్పీడ్ రక్షణ ఇంధనాన్ని ఆపేస్తుంది.

బోరు మోటారు నడిపే చిన్న జనరేటర్‌కు మెకానికల్ చాలు. రంగు మారిన బియ్యాన్ని ఏరే కలర్ సార్టర్ యంత్రం ఉన్న బావగారి మిల్లుకు వేగం నిలకడగా ఉంచే ఎలక్ట్రానికే, వేగం హద్దు దాటితే ఇంజన్‌ను ఆపేసే ఓవర్‌స్పీడ్ ట్రిప్ విడిగా పెట్టి.