పాత మోటో గుజ్జి: ఫ్యాక్టరీ రూపమా, సొంత రూపమా – ఏది మేలు?

యాభై ఏళ్ల నాటి ఇటాలియన్ మోటారు సైకిల్ ఒకటి ఇంటి షెడ్డుకు చేరినప్పుడు, దానిని ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన నాటి రూపానికి తేవాలా, లేక కెఫే రేసర్ (కురచ హ్యాండిళ్లతో రేసు బండిలా మలిచిన రూపం) వంటి సొంత రూపం ఇవ్వాలా అన్నది మొదటి స్పానరు పట్టకముందే తేల్చుకోవలసిన విషయం. బండిని బట్టి జవాబు మారుతుంది గనుక, ఇక్కడ 1975లో వచ్చిన మోటో గుజ్జి 850 టి3ని ప్రధానంగా తీసుకుంటున్నాను. ఇంట్లోనే పని చేసుకునేవారికి అంతకన్నా అనువైన పాత ఇటాలియన్ బండి మరొకటి లేదని నా నమ్మకం.

అందుకు కారణం దాని నిర్మాణంలోనే ఉంది. 90 డిగ్రీల వి-ట్విన్ ఇంజనులో రెండు సిలిండర్లూ చెరొక పక్కకు చాచుకుని ఉంటాయి కాబట్టి, వాల్వు కవరు విప్పి, చేతిలో స్పానరూ, సందును కొలిచే సన్నని రేకుల ఫీలర్ గేజీ ఉంటే చాలు, వాల్వుల సందును కూర్చున్నచోటనే సరిచేయవచ్చు. గుజ్జి ఇంజనీరు లీనో టోంటి రూపొందించిన ఫ్రేములో అడుగు గొట్టాలు బోల్టులతో విడిపోతాయి. ఇంజనునూ గేరు బాక్సునూ దిమ్మ మీద నిలిపి ఉంచి, ఫ్రేమునే పైకి ఎత్తి పక్కన పెట్టవచ్చు. అదే కాలపు మరో ఇటాలియన్ బండి డుకాటిలో, ఇంజనీరు ఫాబియో తాల్యోని రూపొందించిన బెవెల్ గేర్ల (వాలు పళ్ల గేర్ల) ఇంజనును విప్పి బిగించినప్పుడు గేర్ల పళ్లు ఒకదానితో ఒకటి కలిసే తీరును షిమ్‌లతో, అంటే సన్నని లోహపు బిళ్లలతో సరిచూడాలి. వాల్వును స్ప్రింగుకు బదులు మీటతోనే మూసే డెస్మో రకాలలో, వాల్వును తెరిచే రాకరుకు (మీటకు) ఒక కొలత, మూసే రాకరుకు మరొక కొలత ఉంటాయి. అది అపురూపమైన యంత్రమే గాని, మొదటిసారి ఇంజను విప్పుతున్నవారు దానితో మొదలుపెట్టకపోవడం మంచిది.

సొంత రూపం ఇవ్వడం చవకగా, త్వరగా పూర్తయ్యే పని అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. ఇంజను లోపలి సంగతి తెలిస్తే ఆ అభిప్రాయం నిలవదు. టి3 సిలిండర్ల లోపలి గోడలకు ఫ్యాక్టరీలో గట్టి క్రోమ్ పూత వేశారు. కాలం గడిచి, తేమ తగిలి ఆ పూత పెచ్చులుగా లేస్తుంది. లేచిన పెచ్చులు నూనెలో కలిసి బేరింగుల దాకా వెళ్లి వాటిని గీరుతాయి. బండి చక్కగా స్టార్టయి నడుస్తున్నా, హెడ్డులు, సిలిండర్లు తీసి గోడలను వెలుగులో పరిశీలించనిదే దానిని నమ్మరాదు. పూత లేచి ఉంటే నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడు కలిసిన గట్టి) పూత ఉన్న కొత్త సిలిండర్లు, పిస్టన్లు వేయవలసిందే. మోటో గుజ్జి పుట్టిన మండెల్లో దెల్ లారియోలోనే ఉన్న జిలార్దోని సంస్థ వాటిని తయారుచేస్తున్నది. క్రాంకుషాఫ్టులో మడ్డి చేరే గదిని తెరిచి శుభ్రం చేయడం, ఇంజను అడుగున నూనె నిలిచే సంపు విప్పితే తప్ప కనిపించని ఆయిల్ ఫిల్టరును మార్చడం, గట్టిపడిన సీళ్లు, పగుళ్లు తేలిన వైర్లు తీసివేయడం, ఇవేవీ బండి పైరూపాన్ని బట్టి తప్పేవి కావు. ఖర్చులోనూ శ్రమలోనూ పెద్ద భాగం ఇక్కడే పోతుంది కాబట్టి, డబ్బు మిగులుతుందనే కారణంతో ఏ దారినీ ఎంచుకోకూడదు.

ఫ్యాక్టరీ రూపానికి తెచ్చే దారిలో ఉన్న గొప్ప సౌకర్యం, ప్రతి ప్రశ్నకూ జవాబు ముందే సిద్ధంగా ఉండటం. ఏ తీగ ఎక్కడినుంచి పోవాలో, కార్బురేటరులో ఏ జెట్టు (పెట్రోలు పారే సన్నని రంధ్రపు భాగం) ఉండాలో విడిభాగాల పట్టికే చెబుతుంది. ఇటలీలో 1966లో ఏర్పడిన ఆటోమోటోక్లబ్ స్టోరికో ఇటాలియానో వంటి సంస్థలు చారిత్రక వాహనంగా గుర్తింపు ఇచ్చేటప్పుడు బండి తన కాలపు లక్షణాలను ఎంతవరకు నిలుపుకున్నదో చూస్తాయి.

అయితే ఈ దారిలో అత్యుత్సాహమే పెద్ద ప్రమాదం. ఇంజను కేసింగులను మెరిపించడానికి గాజుపూసలతో బ్లాస్టింగ్ చేయిస్తే, నూనె దారులలో ఇరుక్కున్న రేణువులు కొత్త బేరింగులను కొద్దికాలంలోనే తినేస్తాయి. ఫ్రేముకు మందంగా పౌడర్ కోటింగ్ వేయిస్తే మరలు పూడుకుపోతాయి, ఎర్తింగ్ పాయింట్ల దగ్గర విద్యుత్తు ఆగిపోతుంది, ఫ్రేము మీద చెక్కిన నంబరు మసకబారుతుంది. బాగా బలమైన ఉక్కు బోల్టులకు విద్యుత్ పద్ధతిలో జింకు పూత వేసినప్పుడు హైడ్రోజన్ లోహంలోకి చొరబడి వాటిని పెళుసుగా మారుస్తుంది. పూత వేసిన వెంటనే కొన్ని గంటలపాటు వేడిలో ఉంచకపోతే అవి బరువు పడినప్పుడు హఠాత్తుగా విరుగుతాయి. మెరుపు కోసం స్టెయిన్‌లెస్ బోల్టులు వేసేవారు కూడా ఒక తేడా గమనించాలి: సాధారణంగా దొరికే ఎ2-70 రకం 700 మెగాపాస్కళ్ల లాగుడు బలానిది, ఉక్కులో 8.8 రకం 800 మెగాపాస్కళ్లది. సైడు ప్యానెళ్లకు స్టెయిన్‌లెస్ చాలు గాని, డిస్కును నొక్కి పట్టే బ్రేకు క్యాలిపరుకు చాలదు.

సొంత రూపం వైపు వాదన కూడా తేలికైనది కాదు. ట్యాంకు ఎప్పుడో పోయి, రంగు రెండుసార్లు మారి, సగం విడిభాగాలు లేని టి3ని అసలు రూపానికి తేవడమంటే, చివరికి కొత్త భాగాలతో పాత బండి నకలును నిర్మించడమే. అలాంటి బండి సొంతదారు అభిరుచిని బట్టి మారితే చరిత్రకు జరిగే నష్టమేమీ లేదు. పైగా ఈ మార్పు గుజ్జి సంప్రదాయానికి పరాయిదీ కాదు. టోంటి 1971లో గుజ్జి వి7 స్పోర్ట్ బండి కోసం సిలిండర్ల నడుమ పైన ఉండే డైనమోను తీసివేసి, క్రాంకుషాఫ్టు ముందు కొసకు ఆల్టర్నేటరును అమర్చి, అలా దొరికిన చోటులోంచి ఫ్రేము గొట్టాలను కిందికి దించాడు. ఆ ఫ్రేమే టి3కీ, 1976 నాటి గుజ్జి స్పోర్ట్స్ బండి 850 లె మాన్‌కూ ఆధారమైంది. రెండింటి ఇంజనులూ 844 సీసీలవే. కాబట్టి లె మాన్ ఆకారపు ట్యాంకు, సీటు, కురచ హ్యాండిళ్లు టి3కి పెద్దగా కోత లేకుండానే అమరుతాయి. నా దృష్టిలో సొంత రూపాలన్నింటిలో ఇదే మర్యాదైనది.

చిక్కు ఎక్కువగా బ్రేకుల దగ్గర వస్తుంది. టి3లో కాలి పెడలు వెనుక డిస్కునూ ముందున్న రెండు డిస్కులలో ఒకదానినీ కలిపి పట్టిస్తుంది. చేతి లివరు మిగిలిన ముందు డిస్కును మాత్రమే పట్టిస్తుంది. చాలామంది ఈ జోడింపును విడదీసి, ముందు డిస్కులు రెండింటినీ చేతి లివరుకు కలుపుతారు. అప్పుడు ఒక్క క్యాలిపరుకు సరిపోయే మాస్టరు సిలిండరు (లివరు నొక్కినప్పుడు బ్రేకు ద్రవాన్ని తోసే భాగం) మీద రెండు క్యాలిపర్ల భారం పడి లివరు హ్యాండిలు దాకా వచ్చేస్తుంది. రెండు క్యాలిపర్లకు తగిన కాలి సిలిండరుకు ఒకటే మిగిలి, పెడలు రాయిలా గట్టిపడి పట్టు తగ్గుతుంది. రెండు సిలిండర్లనూ కొలత చూసి మార్చనిదే ఈ పని ముట్టుకోకూడదు. అసలు జోడింపునే ఉంచి, పాత రబ్బరు గొట్టాల స్థానంలో స్టీలు అల్లిక గొట్టాలు వేస్తే వచ్చే ఫలితమే చాలామందికి సరిపోతుంది. గాలి ఫిల్టరు ఉండే ఎయిర్ బాక్సు తీసి విడి ఫిల్టర్లు తగిలించడం కూడా ఇలాంటిదే. డెల్లోర్టో కార్బురేటర్లలో జెట్లు, నీడిలు మళ్లీ సరిచూడకపోతే మధ్య వేగంలో ఇంజను తడబడుతుంది.

వీటన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, నేను ఒకే కొలమానాన్ని నమ్ముతాను: చేసిన మార్పును స్పానరుతో వెనక్కి తీసుకోవచ్చా, లేక దానికి రంపం వాడవలసి వచ్చిందా? నిప్పురవ్వ పుట్టించే పాత కాంటాక్టు పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, హెడ్‌లైటుకు రిలే (స్విచ్చు మీద భారం తగ్గించే విద్యుత్ మీట), ఫోర్కులో మెరుగైన స్ప్రింగులు, వీటిని ఒక పూటలో తీసివేయవచ్చు. సీటు పొట్టిగా కనబడాలని ఫ్రేము తోకను కోస్తే దానిని తిరిగి అతికించినా అది పాత ఫ్రేము కాదు, వెల్డింగ్ చేసిన ఫ్రేమే.

అందువల్ల 1971 నాటి ఎర్ర ఫ్రేము వి7 స్పోర్ట్‌కూ, 1974 నాటి డుకాటి 750 సూపర్ స్పోర్ట్‌కూ ఫ్యాక్టరీ రూపం తప్ప మరొక ఆలోచనే ఉండకూడదు. టి3 విషయంలో, ట్యాంకు మీద మొదటి రంగు ఇంకా ఉంటే, అది గీతలు పడి వెలిసిపోయినా సరే, దానిని తుడిచి మైనం పట్టించి అలాగే ఉంచి, ఇంజనునూ బ్రేకులనూ మాత్రం కొత్తగా చేయడం నా సలహా. ఆ రంగు పోయి ఉంటే లె మాన్ దారి పట్టవచ్చు. అప్పుడు విప్పిన పాత ట్యాంకు, సీటు, ఎయిర్ బాక్సు, పొడవాటి హ్యాండిలు అన్నింటికీ చీటీలు కట్టి ఒక పెట్టెలో భద్రపరచాలి, బండి చేతులు మారిన రోజున ఆ పెట్టెనూ దానితోపాటు ఇవ్వాలి.