గుత్తి కోట నుంచి నల్లరేగడి దాకా గూడ్స్ బండ్ల వెంట

గూడ్స్ బండ్లు చూడ్డానికే మూడు రోజులు సెలవు పెట్టాం, నేనూ మా తమ్ముడూ, సంక్రాంతికి ముందు.

మొదట గుత్తి. గుత్తి ఆర్‌ఎస్ అనే స్టేషన్ ఊరికి దూరం, కాబట్టి కోటకు దగ్గరగా ఊళ్లోనే రూమ్ తీసుకోండి. మేం దిగిన లాడ్జిలో ఐదింటికి వేడినీళ్లు అన్నారు, ఏడైనా రాలేదు, దుప్పట్లు మాత్రం శుభ్రం. చన్నీళ్లే పోసుకుని కోట ఎక్కేశాం. పైన నీళ్లు దొరకవు, మోసుకెళ్లాల్సిందే. ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు గద్దె దగ్గర కూర్చుంటే కింద మైదానమంతా పరిచినట్టుంటుంది, బండి కంటికి కనబడ్డాక చాలాసేపటికి గానీ దాని చప్పుడు మన దాకా రాదు, ఆ ఆలస్యమే నాకు భలే నచ్చింది. దిగొచ్చి తిన్న ఉగ్గాని బజ్జీ ఇంకా నోట్లోనే ఉంది.

దగ్గర నుంచి చూడాలంటే మాత్రం ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు వెళ్లాలి. ఆర్‌టీపీపీకి, అంటే రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికి బొగ్గు, ఫ్యాక్టరీల నుంచి సిమెంటు, బండ్లకు కొదవ లేదు. గేటు దగ్గర నిలబడితే గేట్‌మ్యాన్ "పట్టాల మీదికి పోవద్దన్నా, ఈడ్నే నిలబడి చూసుకోండి" అన్నాడు. లోడు బండి వస్తుంటే ముందు కాళ్ల కింద నేల అదురుతుంది, పట్టాల పక్క కంకర మీద బొగ్గు పొడి సన్నగా రాలుతుంది. ఖాళీ బండైతే రేకు డబ్బాలు దొర్లించినట్టు ఒకటే మోత. తమ్ముడు వేలు మడుస్తూ 59 వ్యాగన్లు లెక్కపెట్టాడు. రాత్రికి ప్రొద్దుటూరు వెళ్లిపోండి, గదులూ తిండీ అక్కడే నయం.

మూడోరోజు నంద్యాల–ఎర్రగుంట్ల లైను. 123 కిలోమీటర్లు, 2016లో మొదలైన సింగిల్ లైను, బండ్లు తక్కువ. బండ్ల కోసమే అయితే ఇక్కడికి రావొద్దు, గుత్తిలోనే ఇంకో పూట ఉండండి. కానీ కోయిలకుంట్ల, నొస్సం మధ్య ఆ నల్లరేగడి, కనుచూపు మేరా శనగ చేలు, ఆ అందం మెయిన్ లైన్లో నాకు కనబడలేదు. మూడు గంటలు గట్టు మీద కూర్చుంటే ఒక్క గూడ్స్ వచ్చింది. శనగ పీకుతున్న అవ్వ మా చేతిలో రెండు పచ్చి కొమ్మలు పెట్టింది, కాయలు ఒలుచుకుంటూ చివరి పెట్టె కనుమరుగయ్యే దాకా చూశాం.